పాకంలో ఈదేది

హిమాయత్‌నగర్ ఊరి బీరమ్మకు కూలి కొత్త కాదు. ఈ కూలి మాత్రం కొత్తది. మొయినాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలో ఒక తొట్టి. తొట్టి నిండా చక్కెర పాకం. పాకంలో మూరెడు రబ్బరు యంత్రం. అది అవతలి గోడకు తాకేదాకా తొట్టికి చీమలు పట్టకుండా చూడాలి. తాకిన రోజు చెప్పాలి. ఆ రోజుతో పని అయిపోతుంది.

"నీళ్లల్ల వెయ్యరాదా మేడం?" అని మొదట్లోనే అడిగింది.

"ఇది ఒంట్లో ఈదే కణం లెక్క, అవ్వా," అంది ఆ యంత్రం చేసిన లెక్చరర్ స్వప్నిక. "అంత చిన్నదానికి నీళ్లు కూడ పాకమే. ఇది పెద్దగున్నది. అందుకే నీళ్లను చిక్కగ చేసినం."

యంత్రం తోకకు ఒకటే మడత. ఇటు కొడితే వేలెడు ముందుకు, అటు కొడితే వేలెడు వెనక్కి. వానలు పోయాయి, చలి వచ్చింది. అది అక్కడే ఉంది. స్వప్నిక చిక్కిపోయింది. బీరమ్మ కాస్త ఒళ్లు చేసింది. నీడపట్టున కుర్చీలో కూర్చునే పని ఆమె అంతకుముందు ఎరుగదు.

ఆదివారం చర్చిలో ఎవరికేం ప్రార్థన కావాలని పాస్టర్ ప్రేమదాసు అడిగాడు. బీరమ్మ లేచింది.

"నా పని కోసం అయ్యగారూ. కాలేజీల మిషిను ఉన్నది గద..."

మిషిను సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె మాట ముగించేలోపే సంఘమంతా మోకరించి, అది గోడ చేరాలని కన్నీళ్లతో వేడుకుంది. పక్కన కూర్చున్న మారెమ్మ ఉపవాసం కూడా ఉంటానంది.

"అది కాదు," అంది బీరమ్మ. అందరి ఆమెన్‌ల హోరులో ఆ మాట వినబడలేదు.

మరునాడు స్వప్నిక తోక మార్చింది. కొత్తది స్క్రూలా మెలికలుగా ఉంది. అటూ ఇటూ కొట్టుకోదు, గిర్రున తిరుగుతుంది. యంత్రం ముందుకు కదిలింది. వెనక్కి రాలేదు.

"జర ఆగరాదే," అంది బీరమ్మ దానితో. "నీకేం ఫికరున్నది?"

అది ఆగలేదు. చెయ్యి పెట్టి వెనక్కి లాగితే అడిగేవారు లేరు. ఆమె గాజులు పైకి తోసుకుంది కూడా. అంతమంది మోకాళ్ల మీద అడిగినదాన్ని లాగడానికి మాత్రం చెయ్యి రాలేదు.

శుక్రవారం అది గోడకు తాకింది. బీరమ్మ తన టిఫిన్ డబ్బా సర్దుకుని, పోయి చెప్పింది.

స్వప్నిక పరుగున వచ్చింది. యంత్రం గోడకు ముక్కు ఆనించి తోక తిప్పుతూనే ఉంది. స్వప్నిక తొట్టి మీదికి వంగి చూసింది.

"దీనికి మలుపు తిరుగుడు రాదవ్వా."

"మరెట్ల?"

"నేర్పాలె. అసలు పని అదే. రేపు జల్ది రా."

ఆదివారం బీరమ్మ లేచి, మిషిను గోడ చేరిందని సాక్ష్యం చెప్పింది. సంఘం స్తోత్రం అంది.

"ఇగ దానికి మలుపు తిరుగుడు నేర్పుతరట, అయ్యగారూ."

"దానికి సుత ప్రార్థన చేద్దాం," అంటూ ప్రేమదాసు మోకాళ్లు వంచబోయాడు.

"వద్దయ్యగారూ," అంది బీరమ్మ. "మీకెందుకు శ్రమ. దాని సంగతి నేను చూసుకుంట."