గోడ దగ్గర నుంచి లేపిందెవరు

దయ్యాలూ ఆత్మల కబుర్లు మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. మా పుట్టిల్లు భీమవరం దగ్గర. ఎవరికి ఏ గాలి సోకిందన్నా మా నాన్న నవ్వేసి, ముందు డాక్టరుకి చూపించమనేవారు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చాక ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ అదే పని. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. పోయిన వానాకాలం మా ఇంటి ముందు జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను. అందులో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అందుకే నాకది మరీ అంతుపట్టదు.

మా ఇల్లు తిరుమలగిరిలో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే వీధిలో మొదటిది. కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సు మా గేటు పక్కన ఆగి, ఇద్దరిని ఎక్కించుకుని పోయింది. మర్నాడు మళ్లీ ఆగింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఆ వెనక మరోటి. విజయవాడ, రాజమండ్రి, వైజాగ్, శ్రీకాకుళం. బస్టాండు దాకా పోనక్కర్లేదు, టికెట్టు చవక. ఫోన్‌లో టికెట్లు కొనేచోట మా ఇంటి ముందు భాగానికి ఒక పేరు కూడా పెట్టేశారు, "తిరుమలగిరి నీలం గేటు" అని. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

సాయంత్రమయ్యేసరికి ఆ వీధి మాది కాకుండా పోయేది. స్కూలు ఆటో లోపలికి తిరగలేక పిల్లల్ని మెయిన్ రోడ్డు మీదే దించేసేది. కూరగాయల బండి ఆయన రావడం మానేశాడు. ఆరేసిన బట్టలకు పొగ వాసన. ఇంజన్లు ఆపకుండా నిలబెడితే మా కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. కాలనీవాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చి పంపేవాళ్లు. కొన్నాళ్లకు బస్సులు తిరిగి చేరేవి. అలాగని నేను వాటిని పూర్తిగా తిట్టుకోలేను. మా అమ్మకు ఒంట్లో బాగాలేదంటే గేటు దాటి అడుగు వేసి ఎక్కేసేదాన్ని నేనూ.

వాటితో మొదట యుద్ధానికి దిగింది మా అత్తమ్మ.

మా అత్తమ్మ పేరు సత్తెమ్మ. పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అంతా ఈ చుట్టుపక్కలే. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. మొదట్లో గేటు దగ్గర నిలబడి డ్రైవర్లను దులిపేసేది.

"ఏందయ్యా, రోడ్డు మీ తాత జాగీరా? ఇంట్ల ఉండాల్నా, పోవాల్నా మేము?"

తర్వాత ఏమైందో, నెమ్మదిగా మారింది. చంటిపిల్లతో నిలబడ్డ ఒకామెను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఆడవాళ్లు బాత్రూమ్ కోసం ఇబ్బంది పడుతుంటే మా వెనకవైపు బాత్రూమ్ చూపించింది. చివరికి సాయంత్రం కాగానే గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది. ఏ బస్సు ఆలస్యమో, ఏది వెళ్లిపోయిందో ఆమెనే అడిగేవారు. ఎవరు ఇంటర్వ్యూకి పోతున్నారో, ఎవరి అక్కకు పురుడొచ్చిందో అన్నీ ఆమెకు కావాలి. ముక్కూమొహం తెలియని వాళ్లను కూడా "పైలంగ పోయి రా బిడ్డా, ముట్టినంక ఫోన్ చెయ్యి" అని సాగనంపేది. చేరాక ఫోన్ చేయడానికి ఆమె నంబరు వాళ్ల దగ్గర ఉండదు. ఆ సంగతి ఆమెకు పట్టేది కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ క్షమించేది కాదు. మా ప్రహరీ గోడకు ఆనుకుని ఎవరైనా సామాన్ల మీద కూర్చుంటే గేటు గొళ్లెం టకటకా కొట్టి లేపేసేది. వాళ్లు కదలకపోతే ఒక మాట అనేది. "గోడకు ఒరిగి కూసుంటే నడుం గోడకే అతుక్కపోతది, లెవ్వుర్రి!" ఆ మాట ఇంకెవరి నోటా నేను వినలేదు. అదేం సామెత అని అడిగితే, "సామెత లేదు గీమెత లేదు, నా నోటికొచ్చింది" అంది.

పోయిన జూన్‌లో అత్తమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మా ఆడపడుచు సునీత ఆమెను కాప్రాలో తన ఇంటికి తీసుకెళ్లింది. సునీత ఇంట్లోనే ఉంటుంది, నేనేమో పొద్దున పోతే సాయంత్రం వస్తాను. మంచం దిగడానికి కూడా ఇద్దరు పట్టుకోవాల్సిన పరిస్థితి. మా గేటు దగ్గర కుర్చీ ఖాళీ అయింది. అలవాటైన ప్రయాణికులు "అమ్మ లేదా?" అని అడుగుతుంటే చెప్పలేక, నేను గేటుకు లోపల గడియ పెట్టడం మొదలుపెట్టాను.

తర్వాత నెలలో ఒక రోజు పొద్దుటి నుంచి వాన. సాయంత్రం నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి కాస్త తెరిపి ఇచ్చింది. ఇంకా వెలుతురు ఉంది. రోడ్డంతా నీళ్లు కావడంతో బస్సు కోసం వచ్చినవాళ్లు మా గోడ పక్కన, బోగన్‌విల్లా కొమ్మల కింద వరుసగా సామాన్ల మీద కూర్చున్నారు. అందరూ గోడకు వీపులు ఆనించే ఉన్నారు. అత్తమ్మ ఉంటే ఊరుకునేదా అనుకుంటూ లోపలికి వచ్చి, గడియ పెట్టి, స్టవ్ మీద టీ పెట్టాను.

టీ పొంగుతుండగా బయట ఏదో పెద్దగా విరిగిన చప్పుడు. ఆ వెంటనే ఇల్లు అదిరింది. ఎవరో కేకపెట్టారు.

స్టవ్ ఆపి పరుగెత్తాను. వెనక్కి వస్తున్న ఖాళీ బస్సు చక్రం కింద మురుగుకాలవ మీది బండ విరిగి, బస్సు ఒక పక్కకు ఒరిగి మా గోడ మీద వాలి ఉంది. గోడ లేదు. ఇటుకల కుప్ప, దాని మీద పూల కొమ్మలు, రెండు సూట్‌కేసులు. డ్రైవరు దిగి తల పట్టుకుని నిలబడ్డాడు. ఆ కుప్ప కింద ఎంతమంది ఉన్నారో అని వంగి ఇటుకలు లాగబోయాను.

ఎవరూ లేరు.

అందరూ మా పోర్టికోలో ఉన్నారు. గేటు బార్లా తెరిచి ఉంది. చంటిపాపను గుండెకు హత్తుకుని ఒక అమ్మాయి ఏడుస్తోంది. పక్కన ఆమె భర్త. ఇద్దరు కాలేజీ పిల్లలు. శ్రీకాకుళం బస్సు కోసం వచ్చిన ఒక యువకుడు. ఇక్కడి కంటోన్మెంట్‌లో జవాను, సెలవు మీద ఊరికి వెళ్తున్నాడు. మొదటిసారి ఈ గేటు దగ్గర ఎక్కుతున్నానని చెప్పాడు.

"మీరు లోపలికి ఎలా వచ్చారు?" అన్నాను.

"పెద్దమ్మ రమ్మన్నాదండి," అన్నాడు అతను. "గేటు టకటకా కొట్టింది. లేవండి లేవండని ఒకటే తిట్లు. గోడకి ఒరిగి కూర్చుంటే నడుం అతుక్కుపోద్దంట. నవ్వుకుంటూ లేచాం. అందరం లోపలికి వచ్చామో లేదో, ఇది పడింది."

పాపను ఎత్తుకున్న అమ్మాయి తల ఊపింది. "ఏరి ఆమె? ఆమెకేమీ కాలేదు కదా?" అంది.

ఎలా ఉంది మనిషి అని అడిగాను. సన్నగా, తెల్ల జుట్టు, ఆకుపచ్చ అంచు నేత చీర, కొంగు నడుముకు దోపుకుని ఉందన్నారు, అచ్చం మా అత్తమ్మలాగే. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదనలేదు. వంటింట్లో ఉన్న నాకైతే గొళ్లెం చప్పుడు గానీ తిట్లు గానీ వినిపించలేదు. నేను ఇంట్లోకి వెళ్లి అన్ని గదులూ చూశాను. వెనక బాత్రూమ్ కూడా చూశాను. ఎవరూ లేరు.

మా ఆయన రాగానే ఎదురు కిరాణా షాపుకు వెళ్లాం. వాళ్ల కెమెరా మా వీధి వైపే ఉంటుంది. అందులో అందరూ గోడ దగ్గర కూర్చుని ఉన్నారు. ఒక్కసారిగా తలలు గేటు వైపు తిప్పారు. ఒకరి వెనక ఒకరు లేచి వెళ్లారు. గేటు మాత్రం కనిపించదు, ముందు ఆగిన ఇంకో బస్సు అడ్డం. ఎవరో చెయ్యి లోపలికి పెట్టి గడియ తీసి ఉండొచ్చు. చెయ్యి పడుతుంది, పట్టదని చెప్పను. ఆ వయసు ఆడమనిషి ఇంకెవరైనా వచ్చి ఉండొచ్చు. వీధి అంతా అడిగాం. బస్సుల వాళ్లను అడిగాం. అలాంటి మనిషిని ఎవరూ చూడలేదు.

సునీతకు ఫోన్ చేసి గోడ పడిందని, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. 

"వదినా, అమ్మ మందులేసుకొని పండుకున్నది. ఇందాక చీకటి కాకముందు సడెన్‌గ లెవ్వుర్రి లెవ్వుర్రి అని ఒర్లింది. దిగపోతుంటే ఆపిన. నొప్పికి కలవరిస్తుందనుకున్న," అంది.

మర్నాడు సెలవు పెట్టి కాప్రా వెళ్లాను. దారి పొడవునా ఏం అడగాలో, ఎలా అడగాలో అనుకుంటూనే ఉన్నాను. అత్తమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం అలసిపోయినట్టుంది. నన్ను చూసి ముందుగా అన్న మాట ఇది.

"చంటిపిల్ల ఉండె గదా పద్మా, తడవలే గదా?"

నేను సునీత వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పాప సంగతి నేను గానీ మా ఆయన గానీ సునీతకు కూడా చెప్పలేదు.

"మీకెలా తెలుసు అత్తమ్మా?"

"ఏమో బిడ్డా. కలల చూసిననో ఏమో. నాకు యాది లేదు." దుప్పటి పైకి లాక్కుని, "జెర చాయ్ పొయ్యి," అంది.

దసరా దాటాక అత్తమ్మ ఇంటికి వచ్చింది. వాకర్ పట్టుకుని నడుస్తుంది. గోడ మళ్లీ కట్టించాం. బస్సుల్ని ఇప్పుడు వీధిలోకి రానివ్వడం లేదు, మెయిన్ రోడ్డు మీదే ఆగుతున్నాయి. కిటికీలు వణకడం లేదు. మాకు హాయిగా ఉంది. అత్తమ్మకు మాత్రం సాయంత్రం పొద్దు గడవదు. అయినా కుర్చీ వేయించుకుని గేటు దగ్గరే కూర్చుంటుంది.

చలి మొదలైన రోజుల్లో ఒక ఆదివారం ఆ జవాను వచ్చాడు. చేతిలో పలాస జీడిపప్పు పొట్లం. నేను వరండాలో బట్టలు మడతపెడుతున్నాను. అతను నా వైపు రాలేదు. గేటు తీసుకుని నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్లి అత్తమ్మ కాళ్లకు దండం పెట్టాడు.

"ఆ రోజు చెప్పకుండా ఎక్కడికి వెళ్లిపోయావు పెద్దమ్మా? నీ కోసం ఎంత వెతికామో తెలుసా?"

అత్తమ్మ అతని మొహం వైపు తేరిపార చూసింది. "ఎవరు బిడ్డా నువ్వు? నేను నిన్ను ఎన్నడు చూడలే."

అతను నవ్వాడు, పెద్దామె మరిచిపోయిందనుకుని. ఆమె ఆపరేషన్ సంగతి, కాప్రా సంగతి నేను చెప్పలేకపోయాను. అత్తమ్మ అతనికి టీ ఇప్పించింది. ఊళ్లో ఎవరెవరున్నారో అంతా అడిగింది. పెళ్లి ఎప్పుడని అడిగి సిగ్గుపడేలా చేసింది. వెళ్లేటప్పుడు "పైలంగ పో బిడ్డా" అంది.

ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు. అతను చూశానంటాడు. ఆమె చూడలేదంటుంది. గడియ ఎవరైనా తీసి ఉండొచ్చు, కలవరింత కాకతాళీయం కావచ్చు. కానీ ఆ మాట అతని నోటికి ఎలా వచ్చింది? పాప సంగతి ఆమెకు ఎవరు చెప్పారు?  జవాబు వెతకడం మానేశాను.

అతను మలుపు తిరిగేదాకా అత్తమ్మ అటే చూసింది. జీడిపప్పు పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"పద్మా, నేను నిజంగ వచ్చిన్నంటవా?"

"వచ్చారు అత్తమ్మా," అన్నాను.

ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. ఆమె మాత్రం "మంచిగైంది తియ్" అని, పొట్లం విప్పి నా చేతిలో గుప్పెడు పోసింది.