బతికే ఉన్న డిస్కు

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆయనకూ ఒకటుంది గానీ, దాన్ని వాడేది కరెంటు బిల్లు ఒక్కటే. మిగతా లోకానికంతా ఆయన మైకాయన. వయసులో ఉన్నన్నాళ్ళూ సభలకూ సమావేశాలకూ మైకులు అద్దెకిచ్చాడు. స్టేజీ పక్కన కూర్చుని ఎవరి గొంతు గట్టిదో, ఎవరిది ఉత్త డొల్లో విని విని, ఆయనకు మనుషుల మీద కంటే వాళ్ళ గొంతుల మీద అభిప్రాయాలు ఎక్కువయ్యాయి. ఉంటే ఉన్నాయి, కడుపులో దాచుకోవచ్చు కదా. ఆ అలవాటు లేదు. నోరు అదుపులో పెట్టుకోమని భార్య పెళ్ళయిన నాటినుంచీ చెబుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

అద్దె వ్యాపారం పడుకున్నాక, చూపు లేనివాళ్ళ కోసం లైబ్రరీలో పుస్తకాలు రికార్డు చేసే గదిలో పనికి కుదిరాడు. గది అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పాత పేపర్లు కట్టలు కట్టి పడేసే కొట్టు అది. నాలుగు గోడలకూ స్పాంజి షీట్లు అంటించారు. ఒక బల్ల, మధ్యలో మైకు, ఇటు కంప్యూటర్ ముందు మైకాయన, అటు చదివే మనిషి. ఫ్యాన్ ఉంది గానీ వేయకూడదు, దాని హోరు మైకులో పడుతుంది. చదివే మనిషి ఎక్కువగా టీచరమ్మే. బడి నుంచి రిటైరై, భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న ఆవిడ, జీతం బత్తెం లేకుండా రోజూ వచ్చి చదివి వెళ్ళేది. దగ్గులూ తప్పులూ పేజీ తిప్పిన చప్పుళ్ళూ కత్తిరించి పాఠాన్ని శుభ్రం చేయడం మైకాయన పని.

ఆయనకొక నియమం ఉంది. పొద్దున రికార్డింగ్ మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపడు. పూర్వం ఒక సభలో, ఇక టీలకు లేస్తారులే అని మెషిన్ ఆపేసిన క్షణంలోనే ముఖ్య అతిథి కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడాడట. అది రికార్డు కాలేదని నిర్వాహకులు కొట్టినంత పని చేశారు. ఆపితే పోయినట్టే, ఆపకపోతే తర్వాత కత్తిరించుకోవచ్చు అని ఆనాడు నేర్చుకున్నాడు. నియమం మంచిదే. గొంతు తడుపుకోవడానికి టీచరమ్మ వరండాలోకి వెళ్ళినప్పుడల్లా ఈయన బావమరిదికి ఫోన్ చేసేవాడు చూడండి, చిక్కంతా అక్కడ వచ్చింది. ఎవరి మాటలు వినాలో, ఎవరివి వినకూడదో మైకుకి తెలియదు కదా.

ఈ ఏడు చదివింది లావుపాటి చరిత్ర పుస్తకం. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాయబోయే ఒక అమ్మాయి కోసం. పుట్టినప్పటినుంచీ చూపు లేదు ఆ పిల్లకు. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పరీక్ష తప్పితే హాస్టల్ కూడా పోతుంది. మొదటి ఐదు పాఠాలు ఆమెకు పంపేశారు. మిగతావి కత్తిరించి, ఇంకొక్కసారి విని పంపుదామని కంప్యూటర్లో ఉంచారు. ఆ కంప్యూటర్ కాస్తా ఒకరోజు కన్ను మూసింది. బాగుచేసేవాడు వచ్చి, లోపలి డిస్కు తీసి కొత్తది వేసి, పాతదానిలో ఏమీ మిగల్లేదని చెప్పి వెళ్ళాడు.

"కంగారు పడకండి బాబూ" అంది టీచరమ్మ. "నేను చదివిందంతా కత్తిరించకముందు ఆ బయటి డిస్కులో వేస్తారు కదా. అది తెరవండి. సగం మీరు తీసుకోండి, సగం నాకివ్వండి, ఇంటి దగ్గర చేస్తాను. కత్తిరించడం నాకూ వచ్చు."

మైకాయన బయటి డిస్కు తెచ్చి తగిలించాడు. దీపం వెలిగింది. కంప్యూటర్ మాత్రం ఎవరో బిచ్చానికి వచ్చినట్టు దాని మొహం చూడలేదు. పెట్టే చోటు మార్చాడు. ఆపి మళ్ళీ వేశాడు. లైబ్రేరియన్ గదిలోని కంప్యూటర్‌కి పెట్టి చూశాడు. అక్కడా అంతే. చివరికి డిస్కుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల సన్నగా తిరగడం మొదలవుతోంది, టక్కుమని ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. డిస్కు చచ్చిన చప్పుడు కాదది. చాలినంత కరెంటు అందక లేవలేకపోతున్న చప్పుడు. తీగ మొదట్లో తాను చుట్టిన టేపు ఊడిపోయి, లోపలి పోగులు తేలి కనిపించాయి. ఇంట్లో పాత వైర్ల పెట్టె ఉంది, అందులో మంచి తీగ ఉండకపోదు. రేపు చూద్దామని చెప్పి డిస్కుని సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళాడు.

పెట్టెలో తీగ దొరికింది. కొడుకు ల్యాప్‌టాప్‌కి తగిలించగానే డిస్కు గొంతు సవరించుకుని సాఫీగా తిరిగింది, టింగుమంది, పాఠాలన్నీ వరసగా తెర మీద పరుచుకున్నాయి. మైకాయన ఆనందం పట్టలేక, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని ఆరో పాఠం మధ్యలో నొక్కాడు. టీచరమ్మ ఏదో యుద్ధం గురించి చదువుతోంది. కుర్చీ జరిగింది. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత ఆయన గొంతే వచ్చింది.

"ఏం చెప్పమంటావు బామ్మర్దీ, మా టీచరమ్మ చదువుతుంటే అచ్చం హాజరు పిలిచినట్టే ఉంటుంది. రాజులందరూ లేచి 'ప్రెజెంట్ మేడమ్' అనాలన్నమాట. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేదు, అందుకని ఇక్కడికొచ్చి గోడలకి చెప్పుకుంటోంది. పాపం ఆ వినే గుడ్డిపిల్లకి కళ్ళెలాగూ లేవు, ఇది విన్నాక చెవులు కూడా వద్దనుకుంటుంది."

తర్వాత నవ్వు. చాలాసేపు నవ్వాడు.

వంటింట్లోంచి భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎవరి గురించండీ?"

"ఎవరో లేవే."

"టీచరమ్మ గురించేగా" అంది. "మీకు జ్వరమొచ్చి మంచాన పడితే రోజూ ఫోన్ చేసి కనుక్కున్నది ఆవిడే." ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది మైకాయనకు.

ఒకరి గొంతు వంకరని ఇంకొకరితో నవ్వుకోవడం లోకంలో లేనిదేమీ కాదు. కానీ అదే మాట తన చెవికి తన గొంతుతోనే వినబడితే ఎలా ఉంటుందో ఆయనకు అంతవరకూ తెలియదు. కత్తిరించేటప్పుడు తన గొంతు రాగానే ముందుకు తోసి, టీచరమ్మ గొంతు వచ్చేదాకా వినకుండా కోసేసేవాడు. ఇంకో పాఠం నొక్కాడు, అక్కడా ఉంది. ఇంకొకటి నొక్కాడు. బావమరిదికి ఫోన్ చేయని రోజు లేదు, ఫోన్‌లో ఆవిడ ప్రస్తావన రాని రోజూ లేదు. సగం నాకివ్వండి అంటోంది ఆవిడ. మొత్తం నేనే చేస్తానంటే పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి, ఊరుకోదు. ముందు తన మాటలు మాత్రం ఏరి తీసేద్దామంటే, అన్ని గంటలూ కూర్చుని వినాల్సిందే.

మర్నాడు మైకాయన మంచి తీగను సంచి అడుగున పెట్టి, టేపు ఊడిన పాత తీగతోనే డిస్కుని టీచరమ్మ ఎదుట కంప్యూటర్‌కి తగిలించాడు. దీపం వెలిగింది. తెర మీద ఏమీ రాలేదు.

"చూడండి మరి" అన్నాడు.

అంతే. నోటితో అబద్ధమాడలేదట, పాడైన తీగ చేత ఆడించాడట. ఆ ముచ్చట కూడా ఎంతోసేపు నిలవలేదు. బాగుచేసే షాపుకి ఇద్దామా అని ఆవిడ అడిగితే, "వాళ్ళు విప్పారంటే ఉన్నది కూడా పోతుంది టీచరుగారూ, చచ్చిపోయిందనుకోవడమే" అని నోటితోనే చెప్పాల్సొచ్చింది.

టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం ముందుకు లాక్కుంది. "సరే, ఆరో పాఠం నుంచి మళ్ళీ చదువుదాం. పొద్దున్నే మొదలుపెడితే ఎంతలో అవుతుంది."

ఇది ఆయన అనుకోలేదు. పాత ప్రశ్నపత్రాలతో సరిపెట్టుకుంటారని, ఇంకెవరి దగ్గరైనా రికార్డులు దొరుకుతాయని, ఏదో ఒకటి అవుతుందని అనుకున్నాడు. అడుసు తొక్కిన కాలు కడుక్కోకుండా ఇల్లంతా తిరిగినట్టు, ఇక ఎక్కడ అడుగేసినా మరకే.

అమ్మాయి కూడా వచ్చి గదిలో మూల కుర్చీలో కూర్చోసాగింది. కత్తిరించి పంపేదాకా ఆగే తీరిక లేదు, నేరుగా వినేస్తానంది. చేతికర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదుపుతూ, సంవత్సరాలూ సంధులూ తనలో తాను అప్పజెప్పుకునేది. టీచరమ్మ పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా చదివేది. రెండో రోజుకే గొంతు బొంగురుపోయింది. మర్నాడు మాట మాటకీ వేడినీళ్ళు తాగింది. ఆ తర్వాత చదువుతున్న వాక్యం మధ్యలోనే గాలి తప్ప ఏమీ రాకుండా పోయేది.

"ఇవాళ్టికి చాలు మేడమ్" అనేది అమ్మాయి.

"నీ పరీక్ష చాలు అంటుందా?" అని మళ్ళీ మొదలుపెట్టేది ఆవిడ.

ఆ గొంతు చిరగడం అందరికంటే దగ్గరగా వినేది మైకాయనే. హెడ్‌ఫోన్‌లో గొంతులోని ప్రతి జీరా, ప్రతి మింగుడూ ఆయన చెవుల్లోనే పడేది. తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాడు. ఆవిడ వరండాలోకి వెళ్ళినప్పుడు బావమరిది నుంచి ఫోన్ వస్తే కట్ చేసేవాడు. హాజరు పిలిచినట్టు ఉంటుందని వెక్కిరించాడు గానీ, ప్రతి రాజు పేరూ విడిగా, తెలిసేలా, వినే పిల్ల రాసుకోగలిగేలా పలుకుతోంది ఆవిడ. ఇన్నాళ్ళూ చెవులు పెట్టుకుని తాను విన్నదేమిటా అని సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు చెబితే ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటారని ఒక రోజు, ఆ రోజు కూడా లెక్కలోకి వచ్చిందని మరో రోజు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ నోరు తెరిస్తే మాట రానే లేదు. నీళ్ళు తాగింది, మళ్ళీ ప్రయత్నించింది. పెదవులు కదిలాయి. చేతితో కాస్త ఆగమని సైగ చేసి వరండాలోకి వెళ్ళింది. మైకాయన లేచి, సంచి అడుగునుంచి మంచి తీగ తీసి డిస్కుని తగిలించాడు. టింగుమంది.

మూలనున్న అమ్మాయి తల ఎత్తింది. "అంకుల్, అది డిస్కు కనెక్ట్ అయిన సౌండే కదా?"

"అవునమ్మా."

"మేడమ్, డిస్కు వచ్చింది. మీరిక చదవక్కర్లేదు" అని ఆ పిల్ల వరండాలోకి వినబడేలా అరిచింది.

టీచరమ్మ గబగబా వచ్చింది. తెర మీద వరసగా ఉన్న పాఠాలు చూసి, మైకాయన భుజం తట్టింది. "మీ చేతిలో విద్య ఉంది బాబూ" అని గుసగుసగా అంది. గొంతు అంతవరకే వస్తోంది.

తీగ మార్చాను, అదృష్టం, వచ్చింది అంటే అక్కడితో అయిపోయేది. ఎవరూ అడగరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ భుజం మీద ఆ చెయ్యి ఇంకా ఉంది. తల తీసేసినట్టయింది ఆయనకు.

"ఇది మొదటినుంచీ బాగానే ఉంది టీచరుగారూ. తీగే పోయింది. ఆ రోజు ఇంట్లో తెరిచి చూశాను. అందులో నా మాటలున్నాయి. మీరు వింటారని..."

ఆవిడ చెయ్యి తీసేసింది. అమ్మాయి ఉన్న వైపు ఒకసారి చూసి, బయటికి రమ్మని సైగ చేసింది. వరండాలో నీళ్ళ కుండ పక్కన నిలబడ్డారు. ఆవిడ గ్లాసుతో నీళ్ళు ముంచుకుంది.

"మీరు జ్వరంతో పడుకున్నప్పుడు నాలుగో పాఠం ఎవరు కత్తిరించి పంపారనుకున్నారు?" అంది.

లైబ్రేరియన్ ఎవరి చేతో చేయించి ఉంటుందనుకున్నాడు ఆయన. అసలు ఆలోచించనే లేదు.

"నేనే. మా మేనకోడలు నేర్పింది. అప్పుడే అంతా విన్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత అనుకున్నాను, అతనన్నది అబద్ధమా? ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేకే కదా వస్తున్నాను అని." గుక్క నీళ్ళు తాగి మింగింది. మింగడం కష్టమైంది. "ఆ మాటలు నేను ఎప్పుడో మింగేశాను బాబూ. ఈ వారం మాత్రం మింగలేను. నా గొంతు మీ కళ్ళ ముందే పోతుంటే ఎదురుగా కూర్చుని చూశారు."

క్షమించండి అన్నాడో లేదో మైకాయనకే గుర్తులేదు.

"ఒక్కటి చేయండి" అంది ఆవిడ. "కత్తిరించేటప్పుడు ఆ పిల్ల గురించి అన్నవి ఒక్కటి కూడా మిగలకుండా చూడండి. నాలుగో పాఠంలో నేను ముందు వెతికి తీసింది అవే." చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పుస్తకం బల్ల మీదే ఉంది, దాన్ని తీసుకెళ్ళలేదు.

ఆయన గదిలోకి వచ్చేసరికి అమ్మాయి కుర్చీని కంప్యూటర్ పక్కకి జరుపుకుని కూర్చుని ఉంది.

"మేడమ్ వెళ్ళిపోయారా?"

"వెళ్ళిపోయారమ్మా. రెస్టు కావాలి."

"ఆరో పాఠం మళ్ళీ వినాలి, ఇవాళ ఇవ్వగలరా అంకుల్? ఇక్కడే కూర్చుని తీసుకెళ్తాను."

హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆరో పాఠం తెరిచాడు. టీచరమ్మ గొంతు నిండుగా, జీర లేకుండా వచ్చింది. కొంతసేపటికి కుర్చీ జరిగింది, తలుపు కిర్రుమంది. ఆ పిల్ల గురించి అన్నది ఒక్కటి కూడా మిగలకూడదు కాబట్టి, ఈసారి ముందుకు తోయకుండా తన మాటలన్నీ మొదటినుంచి విన్నాడు. ఆ పిల్ల కళ్ళ గురించి అన్నది విన్నాడు, చెవుల గురించి అన్నది విన్నాడు, ఆ తర్వాతి నవ్వు మొత్తం విన్నాడు. మూరెడు దూరంలో ఆ పిల్ల చెంపకు చెయ్యి ఆన్చుకుని, ఆయన వైపే తల వంచి ఎదురుచూస్తోంది.

"బాగా వినబడుతోందా అంకుల్?" అని అడిగింది.

"వినబడుతోందమ్మా" అన్నాడు మైకాయన.