రెండేళ్లు బాగుచేసిన పెట్టె

మా ఆయన పోయి నెల దాటింది. మొన్న మరిది కొడుకు అలమార సర్దిపెడతానని వచ్చి, పై అరలోంచి ఒక బిస్కెట్ల డబ్బా దించాడు. లోపల పాత పేపరు ముక్కల్లో చుట్టిన గాజు వాల్వులు. "ఇవేం బల్బులు పెద్దమ్మా, పారేద్దామా?" అన్నాడు. వాటి మీద నాకున్న కోపం వాడికి తెలియదు. నలభై ఏళ్లు దాటినా అది చల్లారలేదు. పోట్లాడటానికి ఇప్పుడు మనిషి కూడా లేడు.

ఆ వాల్వులు మా బాపు ఆంప్లిఫయరువి. అరవై తొమ్మిదిలో, వికారాబాదు నుంచి బదిలీ మీద వెళ్తున్న ఒక ఆఫీసరు దగ్గర, రికార్డు ప్లేయరు, రెండు చెక్క స్పీకర్లతో సహా కొన్నాడు. సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ కుర్చీ వేసుకునేవాడు. కుర్చీ కాళ్లు ఎక్కడ ఆనాలో నేల మీద సుద్దముక్కతో గీసుకున్నాడు. అమ్మ ఇల్లు తుడిచిన ప్రతిసారీ ఆ గీతలు పోయేవి, ప్రతిసారీ బాపు మళ్లీ కొలిచి గీసేవాడు. కచేరీ ఉద్యోగంలో రోజంతా ఎవరి మాటా వినిపించుకోని మనిషి, సాయంత్రం మాత్రం ఉర్దూ గజళ్లు కళ్లు మూసుకుని వినేవాడు. నా పెళ్లయిన కొన్నేళ్లకు ఒకరోజు ఎడమ స్పీకరు మూగబోయింది. అప్పుడు అక్కడే ఉన్న మా ఆయన, తాండూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు, "గిదేం పెద్ద పని కాదు మామా, వారంల చేసిస్త" అని ఆంప్లిఫయరు పెట్టెను ప్యాసింజరు రైల్లో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు.

వారం కూడా పట్టలేదు. మొదటి ఆదివారమే ఒక వాల్వు మార్చాడు, బడి నుంచి తెచ్చిన రేడియో, స్పీకర్లు తగిలిస్తే రెండు వైపులా పాట వచ్చింది. పాటతో పాటు గుయ్యిమని ఒక చప్పుడు కూడా వచ్చింది. బాపు ఇంట్లో ఆ చప్పుడు లేదు. కాబట్టి తానే ఏదో చెడగొట్టానని ఈయన అనుకున్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో అన్నం తినే బల్ల లేదు. దాని మీద పెట్టె బోర్లా పడుకుని ఉండేది, మేము కింద కూర్చుని తినేవాళ్లం. పప్పులో కూడా టంకం పొగ వాసనే. హైదరాబాదు కోఠి నుంచి కండెన్సర్లు తెచ్చేవాడు, ఒకటి మార్చేవాడు, చెవి ఆనించి వినేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. చప్పుడు కొంచెమే కదా, ఇచ్చేద్దామంటే, "గుయ్యిమనేదాన్ని మామ ముందట ఎట్ల పెడత?" అనేవాడు. వానలు పడగానే చప్పుడు తగ్గింది. లోపం దొరికిపోయిందన్నాడు. ఇంకో వారం చూసి పంపుదామన్నాడు. ఆ వారం మూడు నెలలైంది. దసరా దాటి ఎండ కాయగానే చప్పుడు మళ్లీ మొదలైంది. మరుసటి ఏడాదీ అచ్చంగా ఇలాగే జరిగింది. పిల్లలకు వానాకాలం గురించి పాఠం చెప్పే మనిషికి గానీ, పక్కనే కూర్చుని సణిగే నాకు గానీ, ఇందులో ఒక వరస ఉందని తట్టలేదు.

ఈలోగా బాపుకు చెవులు పోతున్నాయి. మొదటి వానాకాలంలోనే అమ్మ నాకు చెప్పింది. నరం బలహీనపడుతోందని, మందు లేదని, వినగలిగినన్నాళ్లు వినడమేనని డాక్టరు అన్నాడట. నేను వికారాబాదు వెళ్లినప్పుడు బాపు తలుపు దాకా వచ్చి, "అల్లునికి చెప్పకు బిడ్డా. తొందర పెట్టినట్లయితది" అన్నాడు. మా ఇంట్లో అల్లుడికి పని చెప్పరు, ఇచ్చింది తిరిగి అడగరు. బాపు తాండూరు వస్తే కందులు ఎట్లా పండాయో, రైలు ఎంత ఆలస్యమైందో మాట్లాడేవాడు. బల్ల వైపు చూసేవాడు కాదు. ఇద్దరి మీదా నాకు ఒళ్లు మండేది. నోరు మాత్రం మూసుకునే ఉన్నాను.

రెండో వానాకాలం కూడా పోయాక వచ్చిన ఎండాకాలంలో, బండలు పాలిష్ చేసే కార్ఖానాలో మోటార్లు చూసుకునే పక్కింటి చాచా పేపరు కోసం వచ్చాడు. మాటల్లో పెట్టె మీద చెయ్యి వేసి, జుమ్మనగానే వెనక్కి తీసుకున్నాడు. కరెంటు ఎర్తు తీగ భూమిలోకి ఎక్కడ దించారని అడిగాడు. మా ఆయన గోడ పక్కన రాడ్డు చూపించాడు. చాచా మడమతో నేల గీకి చూశాడు.

"జానెడు మొరం సార్, దాని కింద అంత బండే. గీ ఎండకు తడి యాడికెళ్లి వస్తది? తడి లేకుంటే ఎర్తు పట్టదు, పెట్టె గుయ్యిమంటది. మేము మిషన్ల కాడ బండ తొలిచి, ఉప్పు బొగ్గు నింపి, దినాం నీళ్లు పోస్తం. బేటీ, జర బిందెడు నీళ్లు తే."

రాడ్డు మొదట్లో పోశాడు. లోపల గుయ్యిమనే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

"పదో తరగతికి కరెంటు పాఠం మీరే చెప్తరంట గద సార్?" అని చాచా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంటే ఆ పెట్టె మొదటి ఆదివారమే బాగైపోయింది. వికారాబాదులో, తడారని ఎర్రమట్టిలో, దానికి ఏ జబ్బూ లేదు. రెండేళ్లు ఈయన బాగున్నదాన్ని బాగుచేశాడు.

ఆ ఆదివారమే తీసుకెళ్లాం. తీగలు కలిపి స్విచ్చు వేశాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. ఆయన ముఖం చూడాలి, పరీక్ష పాసైన పిల్లవాడిలా ఉంది. బాపు కుర్చీలో సర్దుకుని, వెలిగిన చిన్న దీపం వైపు చూసి, తల ఊపడం మొదలుపెట్టాడు.

"మస్తుగున్నది అల్లుడా. రెండు దిక్కుల నుంచి మంచిగ వస్తున్నది."

రికార్డు ఇంకా మా ఆయన చేతిలోనే ఉంది, గుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడం ఆపి నా వైపు చూశాడు. తర్వాత రికార్డు పెట్టి, చివరి దాకా తిప్పి, రెండో వైపు కూడా పెట్టాడు. బాపు అంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు.

తిరుగు రైల్లో అడిగాడు: "నీకెప్పటి సంది ఎరుక?"

"మొదటి వానాకాలం సంది."

ఇంటికొచ్చి, బల్ల మీద మిగిలిన పాత వాల్వులను పేపరు ముక్కల్లో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. ఆయన నిదానం గురించి నేను ఆయన్ని జీవితమంతా సాధించాను. కానీ ఆ రెండేళ్లలో బాపుకు వినే రోజులు ఎంత కరువో ఆయనకు తెలియదు. తెలిసి కూడా, మరో వానాకాలం వస్తుందిలే అన్నట్టు కూర్చున్నది నేను.