ధూళి లేని లెక్క

గెలాక్సీల్లో వాయువు ఎప్పుడు నిలకడగా ఉంటుందో, ఎప్పుడు కుప్పకూలుతుందో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఆ లెక్కలోంచి ధూళిని ఏళ్ల తరబడి దులిపేస్తూ వచ్చాను. వాయువులో అది దాదాపు వందో వంతు. అంత కొంచెం ఏం చేస్తుందిలే అనుకున్నాను. నా బుర్రలో బుద్ధి పాలు కూడా అంతేనని సూరత్‌లో తెలిసింది.

అక్కడి ఒక కళాశాల భౌతికశాస్త్ర విభాగానికి అసోసియేట్ ప్రొఫెసర్‌గా వెళ్లినప్పుడు నాకు అప్పగించిన తొలి పరిశోధక విద్యార్థిని లావణ్య. జగిత్యాల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబం, ఇల్లు సూరత్ శివారు ఉన్‌లో.

"సార్, దుమ్ము జరంతనే గని, మస్తు పని చేస్తది. దట్టమైన మబ్బుల గ్యాస్ వేడిని గుంజి బయట పారేస్తది. గ్యాస్ ఠండా అయితే ఒత్తిడి తగ్గుతది. ఇగ సొంత బరువుకే ముద్దగట్టి చుక్కలైతది."

వాయువును ఉబ్బించే పీడనం, చెదరగొట్టే భ్రమణం, గుంజే గురుత్వం: ఈ మూడింటి మధ్య రాజీని మేము స్థిరత్వం అంటాం.

"కూల్ అయితేనే కూలుతుందన్నమాట" అన్నాను.

"గిసొంటి జోకులు నా వైవాల ఎయ్యకుండ్రి సార్."

థీసిస్ సమర్పించే ముందు విభాగంలో ఒక సెమినార్ గట్టెక్కాలి. అది పోతే సచిన్ పారిశ్రామికవాడలోని రంగుల యూనిట్ ఆఫీసులో చేరతానని ఆమె ఇంట్లో మాట ఇచ్చి ఉంది. సెమినార్‌కు అధ్యక్షులు మా విభాగాధిపతి. ఆయనకు పేరు తెచ్చిన నమూనాలో ధూళి లేదు. కలిపితే ఆ నమూనా నిలవదు. "యే ధూల్ హటావో", ఈ దుమ్ము తీసెయ్యండి అన్నారు. ధూళి మీద లావణ్య రాసిన అధ్యాయం తీసేస్తేనే సంతకం.

తీసేద్దామమ్మా, డిగ్రీ వచ్చాక చూద్దాం అన్నాను.

"దుమ్ము తీస్తే ఇంకేం మిగుల్తది సార్? మీరన్నా నా దిక్కు ఒక మాట అంటరనుకున్న."

మరుసటి సోమవారం నుంచి సచిన్ బస్సెక్కింది. మళ్లీ పరిశోధనకు రాలేదు.

నేను రిటైరయ్యే ఏడాది సిలబస్ సవరణ, టైంటేబుల్ రెండూ నా చేతికొచ్చాయి. ఎం.ఎస్సీ. చివరి సెమిస్టర్‌లో 'ధూళి, వాయు స్థిరత్వం' అనే యూనిట్ చేర్చి, బోధించేవారి గడిలో అదే విభాగాధిపతి పేరు రాశాను. ధూళిని తీసేస్తే లెక్క తేలికవుతుంది, కానీ తేలదు. ఆ ఉదంతం నాకు నేర్పింది అంతే.

ఆయన నా గదికి వచ్చి, పాఠం చెప్పడానికి కావాలి, ఆ అమ్మాయి అధ్యాయం ఎక్కడుందని అడిగారు.

"ఉన్‌లో ఉంది. వెళ్లి ఆమెనే అడగాలి సార్" అన్నాను.

దారి అడిగితే వివరంగా చెప్పాను, రోడ్డు తవ్వి వదిలేసి దుమ్ము రేగే వైపు నుంచి.