ఐదు ఇస్పేట్లు

ఓడిపోవడానికని వెళ్లి, గెలిచి, అందరినీ ఏడిపించినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. బాపట్లలో లెక్కల మాస్టారుగా రిటైరై, రోజూ డైరీ రాసుకునే పద్ధతి మనిషిని.

మా బావ రంగారావుది రేపల్లె. గుండెకు ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి నెలైనా కదలలేదు. మంచం మీదే ఉండి, రమ్మీ విసుగొచ్చి, ఫోనులో పోకర్ నేర్చుకున్నాడు. ఒకరోజు నాకు ఫోను చేశాడు.

"ఏరా శేషూ, వచ్చి ఒక్క ఆట ఆడు. గెలిచానా, నా రాత బాగున్నట్టే, ఆపరేషన్‌కి వెళ్తా. ఓడానా, ఆ మాట మళ్లీ ఎత్తొద్దు."

అక్క ఫోను లాక్కుంది. "తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా, ఓడిపోరా!"

ఓడిపోవడమెంత పని? అయినా నేర్చుకునే వెళ్లాలి కదా. తెనాలిలో రేపల్లె రైలెక్కి, ఏ ముక్కలు వేటిని కొడతాయో ఫోనులో చూసి, చిన్నవాటి నుంచి పెద్దవాటికి డైరీలో ఎక్కించాను. జత, రెండు జతలు, ఒకే అంకెవి మూడు, వరస... నాలుగు రాసేసరికి రేపల్లె వచ్చేసింది. మిగతాది రమ్మీలాగే ఉంటుందిలే అని డైరీ మూశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు సగం చదివితేనే పోయింది.

బావ ఐదేసి ముక్కలు పంచాడు. నాకు రెండు ఆసులు! ఇలాగైతే గెలిచిపోయేలా ఉన్నాను. ఒకసారి ముక్క మార్చుకోవచ్చు కనుక ఆటీను ఆసు పారేసి ఇంకోటి తీశాను. ఇస్పేటు ఏడు. ఇక చేతిలో ఉన్నవన్నీ ఇస్పేట్లే: రెండు, నాలుగు, ఏడు, రాణి, ఆసు. జత లేదు, వరస లేదు. రమ్మీలో అయితే ఊడ్చి పారబోసే చెత్త.

బావ మూడు రాజుల్ని పరిచాడు. "ఏంటిరా, నీ సంగతి?"

"అంతా చెత్తే బావా! బట్టలు సర్దుకో," అని నావి పరిచాను.

బావ ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఒరే, ఇది ఫ్లష్షురా. ఐదూ ఇస్పేట్లే. నా రాజుల్ని కొట్టేసింది."

"కొట్టదు బావా! నా డైరీలో లేదు!"

"నీ డైరీలో లేదేమో. నా రాతలో ఉంది."

"ఇంకొక్క ఆట..."

"ఒక్కటే అన్నానుగా."

బావ మాట తప్పలేదు. నాలుగు నెలలు బతికాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి, "మా బావమరిదండి. చావబోయేవాడి మీద కూడా గెలిచాడు!" అని నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆ పేక తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తీసుకెళ్లరా. నువ్వు గెల్చుకున్నది ఇదే."

అందుకే డైరీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఓడిపోవాల్సిన ఆటనైనా సరే, రేపల్లె తర్వాత పట్టాలు లేకపోయినా సరే, పూర్తిగా నేర్చుకుని గానీ రైలు దిగను.