బెంచి మీద అక్క

నా చిన్నప్పుడు నాకు తెలిసిన బెంచి ఒకటే, తప్పు చేస్తే ఎక్కి నిలబడేది. పంజాగుట్టలోని మా బడిలో నేను తరచుగానే ఎక్కేదాన్ని. గుంటూరు నుంచి కొత్తగా వచ్చాను. నేను ‘ఏంటి’ అంటే చాలు, క్లాసంతా ‘ఏంటండీ, ఏంటండీ’ అని సాగదీసి నవ్వేది. అందుకని పాఠం వచ్చినా నోరు విప్పేదాన్ని కాదు. జవాబు చెప్పలేదని టీచరు బెంచి ఎక్కించేది. దిగాక కూడా నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నలుగురు పట్టే చివరి బెంచి మొత్తం నాదే. అంత చోటు చూస్తే ఏడుపొచ్చేది.

అమీర్‌పేటలో మేడమేడకీ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. మా అమ్మ అక్కడ ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. కింద గదిలో మేమిద్దరం ఉండేవాళ్ళం. పై అంతస్తులో ఉండే కరీంనగర్ అక్క ఏదో కంపెనీలో ఉద్యోగం చేసేది. పొద్దున్నే మెడలో కార్డు వేసుకుని ఆమె పరుగెత్తుతుంటే నాకు మహా గొప్పగా కనిపించేది. అలాంటి మనిషి ఒకసారి వారం రోజులు గది దాటి రాలేదు. పైకి పంపిన అన్నం అలాగే తిరిగొచ్చేది. ఏమైందని అడిగితే అమ్మ, “పాపం, ఆ అమ్మాయిని బెంచి మీద పెట్టారంటమ్మా” అని నిట్టూర్చింది.

నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంతోషం వేసింది. అంత చదువుకున్న మనిషినీ బెంచి ఎక్కించారంటే ఈ ఊళ్ళో నాకొక తోడు దొరికినట్టే. ఆ వెనకే జాలీ వేసింది. నిలబడీ నిలబడీ కాళ్ళు పడిపోయి ఉంటాయి, అందుకే గదిలోంచి కదలడం లేదనుకున్నాను. అమ్మ మోకాళ్ళకు రాసుకునే బామ్ సీసా పట్టుకుని మెట్లెక్కాను.

అక్క గోడకేసి తిరిగి పడుకుని ఉంది. కాళ్ళు చాపమన్నాను, ఎంతసేపు నిలబెట్టారని అడిగాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. అయ్యాక పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. “నిలబెట్టలే పిల్లా, కూసోబెట్టిన్రు. నౌకరీ ఉంది గానీ పనిస్తలేరు. ఇంటికాడనే ఉండుమన్నరు. ఎప్పుడు పిలుస్తరో, అసలు పిలుస్తరో లేదో” అంది. ఊళ్ళో వాళ్ళమ్మకు కూడా ఈ సంగతి చెప్పలేదట.

అప్పుడు నేనూ నా బెంచి సంగతి చెప్పాను, మా అమ్మకు కూడా చెప్పనిది. అక్క లేచి ముఖం కడుక్కుని నన్ను బస్టాపుకి తీసుకెళ్ళింది. అక్కడి బెంచి నిండా మనుషులే. అక్క వాళ్ళ ముందు నిలబడి, “జర జరుగున్రి భాయ్, పిల్ల కూసుంటది” అంది. విసుక్కుంటూనే ఒకాయన జరిగాడు, పక్కావిడ సంచి ఒళ్ళోకి తీసుకుంది, చూస్తుండగానే నాకు చోటు వచ్చింది. కాసేపటికి అక్కకూ వచ్చింది. మేమెక్కవలసిన బస్సేదీ లేదు. వచ్చేపోయే బస్సులు చూస్తూ అక్క చెప్పింది: “కోర్టుల జడ్జిలు కూసుంటే సుత బెంచే అంటరు. ఆటల ఆడనియ్యక కూసోబెడితే సుత బెంచే. గిప్పుడు నేను సుత గా బెంచి మీదనే. కుర్చీల ఒక్కరే పడుతరు. బెంచి మీద జరగొచ్చు. అడగాలె, అంతే.”

మర్నాడు బడిలో రెండో వరుస దగ్గర నిలబడి, “జర జరుగున్రి” అన్నాను. నా నోట ఆ మాట విని వాళ్ళు విరగబడి నవ్వారు, నవ్వుతూనే జరిగారు. దొరికింది జానెడు చోటు. సగం నేను బయటే ఉన్నాను. అయినా మధ్యాహ్నం ఒక అమ్మాయి అడక్కుండానే నా టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత నేను ఆటల్లో పడిపోయాను. సాయంత్రాలు యూసుఫ్‌గూడలో ఆ అమ్మాయి ఇంట్లోనే గడిచేవి. అక్క దగ్గరికి రేపు వెళ్దాంలే అనుకునేదాన్ని. ఒకసారి మెట్ల దగ్గర ఎదురై, చోటు దొరికిందా అని అడిగింది. దొరికిందని అరిచి పరుగెత్తాను. ఆమె సంగతేమైందని నేను అడగలేదు. నెల తిరక్కుండానే కంపెనీ ఆమెను తీసేసింది. నేను బడిలో ఉండగా గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్ళిందో హాస్టల్లో ఎవరికీ తెలియదు. ఆ నెలంతా ఆమె గదికి ఎవరూ వెళ్ళలేదని అమ్మ చెప్పింది.

ఇప్పుడు నాకు నెరిసిన జుట్టుకు రంగు వేసుకునే వయసొచ్చింది. అడగడం నాకు నేర్పిన మనిషి తన కోసం మాత్రం ఎవరినీ అడగలేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అందుకే ఎక్కడైనా నోరు తెరవలేక నిలబడిపోయినవాళ్ళు కనిపిస్తే, అడక్కముందే నేనే జరిగి కూర్చోమంటాను. వాళ్ళు కూర్చుంటారు. నాకు మాత్రం మెట్ల దగ్గర ఆగి నా జవాబు కోసం చూసిన అక్క ముఖం గుర్తొస్తుంది.