ద్రాక్షపందిరి కింద బజారు మర్యాద

ఒడుగత్తూరు దగ్గరి కొండవాలు ద్రాక్షతోటలో మేము జరిపిన విజ్ఞాన నడక ఘనంగా ముగిసిందని మా సంఘంవారు వాట్సాప్‌లో చాటుకుంటున్నారు. తోట యజమానురాలి అభిప్రాయం అందులో లేదు. ఆ లోటు పూరించడానికే ఇది రాస్తున్నాను.

మా సంఘమంటే వేలూరు, గుడియాత్తం బజార్లలోని అంగళ్లను కొడుకులకు అప్పగించి, ఆరోగ్యం కోసం నడిచే పెద్దమనుషులు. వారిలో నేనొక్కణ్ణే విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి గనుక క్రమశిక్షణ నా వంతు. నడక సులువైనదని ముందే ప్రకటించాం. వ్యాను తోట గేటు దాకా వెళుతుంది. ఆపైన వాలు మీద ఒకదాని పైన ఒకటిగా రెండు పందిళ్లు. అంతటి కఠినయాత్రకు ఇడ్లీ పొట్లాలు రెండు బుట్టలు మోసుకెళ్లాం.

యజమానురాలు గేటు దగ్గరే చెప్పింది: "చూడండి, ఫోటోలు తీసుకోండి, చెయ్యి మాత్రం పెట్టొద్దండప్పా. మజ్జాన్నం వేలూరు వ్యాపారి వస్తాడు. గుత్తి నిండుగా ఉంటేనే ఎత్తుకుంటాడు. ఒక్క పండు గిల్లినా రసం కారి పక్కవి చెడిపోతాయి."

ఆమె ఏడాది కష్టమంతా ఆ వ్యాపారి చూపు మీద ఆధారపడి ఉన్నదని అందరికీ అర్థమైంది. అర్థమైనట్లు తలలు కూడా ఊపారు.

ఆమె కొమ్మల కత్తిరింపు గురించి వివరిస్తుండగా నా వెనుక నమిలే చప్పుడు వినిపించింది. గుడియాత్తంలో కిరాణా అంగడి నడిపిన నా బావమరిది!

"ఏమప్పా, ఆయమ్మ చెప్పింది వినలేదా?"

"విన్నాను బావా. రుచి చూసేది తినేదాంట్లోకి వస్తాదా? మా అంగట్లో శెనగపప్పు నోట్లో ఏసుకోకుండా ఎవురైనా కొన్నారా?"

"మనం కొనేదానికి వచ్చినామా?"

"నేర్చుకునేదానికి వచ్చినాము. నేర్చుకుంటా ఉండా."

బజారు ధర్మం అది. సరుకు నోట్లో వేసుకోవడం దొంగతనం కాదు, మర్యాద. ఆ మర్యాదను మా సభ్యుల్లో ఒక్కరూ తప్పలేదు. పైగా న్యాయబుద్ధి గలవారు గనుక ఏ ఒక్క గుత్తికీ అన్యాయం చేయక, ప్రతి గుత్తి నుంచీ ఒక్కో పండే తీసుకున్నారు. కింది పందిరి ఎలుకలు కొరికిన పట్టుచీరలా తయారైంది. పైదాని దాకా మేమింకా ఎక్కలేదు.

వ్యాపారి వచ్చాడు. "ఏందమ్మా, కోతులు దిగినాయా?" అన్నాడు.

ఆమె మా వైపు చూసింది. మేము ప్రకృతి సౌందర్యం వైపు చూశాం.

అతడు పై పందిరికి ఎక్కి, అలవాటుగా ఒక పండు గిల్లి నోట్లో వేసుకున్నాడు. ఆమె అతని చేయి పట్టుకున్నది.

"నువ్వూనా! ఈ గుత్తి ఇంకెవురు ఎత్తుకుంటారు?"

"నేనే ఎత్తుకుంటాలేమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ. పై పందిరి బేరం కుదిరింది. కిందిది వద్దన్నాడు.

ఆమె కత్తెర తెచ్చి నా బావమరిది చేతిలో పెట్టింది. "రుచి చూసినోళ్లే కోసుకోండి నాయనా. ధర ఆయన పైదానికి చెప్పిందే. ఒక్క గుత్తి మిగలకూడదు."

సాయంత్రం దాకా విజ్ఞానార్థులు చేతులెత్తి కోశారు. వ్యానులో కాలు పెట్టే చోటు లేదు. దారిలో బావమరిది ఇంకొకటి నోట్లో వేసుకుని, "కొంచెం పులుపే బావా," అన్నాడు.

ద్రాక్ష సాగు నేను చదివిన శాస్త్రం కాదు. ఇందులో పొరపాట్లుంటే తోట పని తెలిసిన పాఠకులు దిద్దవలసిందిగా మనవి. నడకకు వచ్చినవారు దిద్దదలచుకుంటే, ముందుగా నా వసారాలో దించేసి పోగా మగ్గుతున్న తమ వాటా పండ్లు పట్టుకుపోవాలి.